బాస్ గిటార్ ఎవరి కొలతకు?

కాస్తెల్‌ఫిదార్దో, 24 జనవరి 1965

ఒరేయ్ అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. అందులో నువ్వు గీసి పంపిన బొమ్మా అందింది. అదేమిటో ఇంట్లో ఒక్కరికీ అంతుపట్టలేదు. అమ్మ కుందేలంది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి విరిగిన కుళాయి అన్నాడు. చిరియాకో బాబాయి మాత్రం దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. చివరికి అడుగున "సముద్రపు గుర్రం" అని నువ్వే రాసి ఉండటం చూశాం. రాశావు కాబట్టి బతికిపోయావు.

నీ బాస్ గిటార్‌కి ఆ ఆకారం నేను కోయను. ఆ గుర్రం నడుం చూశావా? నా రెండు వేళ్లంత లేదు. నాలుగు లావుపాటి తీగలు బిగించామంటే అక్కడే పుటుక్కుమంటుంది. సైన్యానికి పోయేముందు ఎంత కష్టపడి పోగుచేశావు సామానంతా! ఫ్యాక్టరీ వాళ్లు వద్దని పక్కన పెట్టిన మెడను మేస్త్రీని బతిమాలి తెచ్చుకున్నావు. తీగల కింద పెట్టే పికప్‌ని నీ చేత్తో చుట్టుకున్నావు. మెడ ఉంది, తీగలున్నాయి, ఒళ్లొక్కటే లేదు. ఆ ఒంటికి మంచి ఆకారం చెప్పరా బాబూ అంటే గుర్రాన్ని పంపుతావా?

ఇంకో సంగతి. నువ్వెళ్లాక ఒత్తావియో వాళ్ల బృందానికి బాస్ వాయించేవాడు దొరకలేదు. ఒసిమోలో ఎవరి దగ్గరో ఓ బాస్ గిటార్ అరువు తెచ్చారు, ఈస్టర్ దాకా. గిటారుంది, మనిషి లేడు. పోయిన బుధవారం సాధనకి నన్ను నిలబెట్టారు. నాన్న ఒళ్లో కూర్చుని అకార్డియన్ ఎడమచేతి బొత్తాలు నొక్కుతూ పెరిగినదాన్ని కదా, మంద్ర స్వరం ఎప్పుడు ఎక్కడ పడాలో నా వేళ్లకే తెలిసిపోయింది. చెప్పొద్దూ, నాకు భలే నచ్చింది. వేళ్లు బొబ్బలెక్కాయి, అయినా నచ్చింది.

అమ్మ ఉన్ని మేజోళ్లు పంపుతోంది. వేసుకో. వేసుకోకపోతే నాకు రాయొద్దు, ఆవిడకే రాసి చావు.

నీ చెల్లెలు
లొరెట్టా


ఊదినె, 7 ఫిబ్రవరి 1965

ఒసే రాక్షసీ,

మేజోళ్లు అందాయి, వేసుకున్నాను. సముద్రపు గుర్రానికి మా గదిలో వాళ్లంతా చేతులెత్తి ఓటేశారే! ఒకడు యుద్ధ ట్యాంకు ఆకారమన్నాడు, ఇంకొకడు వాళ్లావిడ ఆకారమన్నాడు. నా పక్క మంచం కార్మెలోది సిసిలీ. వాడు నిమ్మపండన్నాడు. వాడికి అన్నీ నిమ్మపళ్లే.

సరే, నీ మాట నిజమే, నడుం విరుగుతుంది. నిన్న కాపలా డ్యూటీలో చలికి కాళ్లు కొయ్యబారిపోతుంటే ఆలోచించాను. దుకాణాల్లో ఉన్నవన్నీ ఒకే అచ్చు. ఎవడో అమెరికా వాడి ఒంటికి సరిపోయేలా చేశారు, మనమంతా ఆ ఒంట్లో దూరాలి. నాకు బొమ్మలొద్దు, గుర్రాలొద్దు. నా ఒళ్లెలా ఉందో అలాగే ఉండాలి అది. మోచెయ్యి ఆనే చోట చెక్క లోపలికి పోవాలి, తుంటి తగిలే చోట వంగాలి, ఛాతీ దగ్గర నన్ను హత్తుకోవాలి. చూసినవాడికి వింతగా ఉంటే ఉండనీ. వేసుకున్నవాడికి చొక్కాలా ఉంటే చాలు.

నా కొలతలు వేరే కవర్లో పంపుతున్నాను. పెద్దగా ఉంటుంది, కంగారు పడకు.

నువ్వు బాస్ పట్టుకున్నావని చదివి పడీపడీ నవ్వాను. బొత్తాలు నొక్కే పిల్లవి నువ్వు, నీకెందుకే ఇంత బరువు? పోనీలే, నేనొచ్చేదాకా నా చోటు చల్లారకుండా చూడు. సెప్టెంబరులో విడుదలవుతాను. బాబాయిని అడిగానని చెప్పు.

ఎల్వియో


కాస్తెల్‌ఫిదార్దో, 21 ఫిబ్రవరి 1965

అన్నయ్యా, నువ్వు మనిషివేనా?

కంగారు పడకు అని నాకు రాస్తే సరిపోతుందా? కవరు వచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. విప్పింది అమ్మ. వార్తాపత్రికలు అతికించి, బొగ్గుతో గీసిన నిలువెత్తు మనిషి! ఎడమ భుజం దగ్గర బాణం గుర్తేసి "ఇక్కడ నొప్పి" అని రాశావు. అమ్మ దాన్ని వంటింటి నేల మీద పరిచి, నీకు తుపాకీ గుండు తగిలిందనీ, సైన్యం వాళ్లు ఇలా తెలియజేస్తారనీ గట్టిగా నమ్మేసింది. పక్కింటి వాళ్లు వచ్చారు. వాళ్లూ ఏడ్చారు. నేనొచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు, లొరేతో మాత గుడికి నడిచి వెళ్లిపోయింది, కొవ్వొత్తి వెలిగించడానికి. సైకిలేసుకుని వెంటపడితే కొండ కింద దొరికింది. "అది ఇదివరకు వాడు అరువు తెచ్చుకున్న గిటార్ ఒత్తుకున్న చోటమ్మా" అని ఎంత చెప్పినా వినదే! "గిటార్‌తో ఎవరైనా చస్తారా? నువ్వు నా దగ్గర దాస్తున్నావు" అంటుంది. ఆవిడకి వెంటనే నీ చేత్తో రాయి.

ఇక బాస్ సంగతి. బాబాయి ఆ బొగ్గు మనిషిని గోడకి కొట్టుకుని, నీ ఆకారం పట్టుకుని ఒళ్లు తయారుచేశాడు. ఎలా చేశాడనుకున్నావ్? రోజూ తన షెడ్డులో అకార్డియన్ పెట్టె చేసినట్టే చేశాడు. పలుచటి చెక్కలు, లోపలంతా డొల్ల. మన ఊళ్లో ఎవడికైనా వాయిద్యం చేతికిస్తే ముందు చేసే పనేమిటి? వాయించడు, ఎత్తి చూస్తాడు. తేలిగ్గా ఉంటే "అబ్బ, మంచి పనితనం" అంటాడు. బాబాయిదీ అదే లెక్క. ఈకలా ఉందిరా, ఒక్క చేత్తో ఎత్తొచ్చు. బాబాయి ముఖం వెలిగిపోయింది.

ఒత్తావియో దాన్ని పట్టీతో భుజానికి తగిలించుకుని చేతులు వదిలాడు. అంతే, మెడ సర్రుమని నేలకి దిగిపోయింది! పాపాలు ఒప్పుకోవడానికి వచ్చినదానిలా తల దించుకుని వేలాడింది. ఎత్తితే మళ్లీ దిగుతుంది. దూలియో డ్రమ్ముల వెనక నుంచి కిందపడి నవ్వాడు. ఒంట్లో బరువు లేదు, మెడ చివర నాలుగు ఇనప మరలున్నాయి, దిగక ఏం చేస్తుంది? ఎడమచేత్తో మెడని మోస్తూ ఉండాలి, ఇక తీగలెప్పుడు నొక్కాలి? బాబాయి మాత్రం మెడదే తప్పంటున్నాడు. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.

వచ్చే వారం మంగళవారం కార్నివాల్ పండగ నాట్యానికి అరువు బాస్‌తో నేనే వాయిస్తున్నాను. భయమేస్తోంది. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నా.

లొరెట్టా


ఊదినె, 11 మార్చి 1965

చెల్లీ,

అమ్మకి వేరే రాశాను. బతికే ఉన్నానని, నాలుగు కిలోలు లావయ్యానని రాశాను. కొవ్వొత్తి వృథా కాదులే, ఇక్కడి తిండికి ఆ మాత్రం దైవబలం కావాలి.

మెడ దిగితే ఒంట్లో సీసం కూరండి. అంతేగా? దానికి మౌనవ్రతం దేనికి బాబాయికి?

ఒత్తావియో రాశాడు. కార్నివాల్లో మీ పాటలు విని సెనిగాల్లియా సముద్రపొడ్డున నాట్యశాల నడిపేవాడు వేసవికి రమ్మన్నాడట కదా! జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా రోజూ వాయించాలట. సంతోషంతో ఎగిరి గంతేశాను. తర్వాత క్యాలెండర్ చూసుకుని కూర్చున్నాను. సెప్టెంబరు దాకా నన్ను వదలరు. ఏమే, వాళ్లకి ఈ వేసవికి మగవాడెవడూ దొరకడా? లేదంటే వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యమను. నాట్యశాల ఎక్కడికి పోతుంది?

ఇంకొకటి సూటిగా అడుగుతున్నా. నువ్వు వారానికి మూడుసార్లు సాధనకి పోతున్నావట. దూలియో నిన్ను స్కూటర్ మీద ఇంటి దాకా దింపుతున్నాడట. ఇదంతా ఒత్తావియో మామూలుగానే రాశాడు, నేను మామూలుగా చదవలేదు. ఒకరి చోటు కాపాడటానికి వారానికి మూడుసార్లు అక్కర్లేదు. దూలియో మంచివాడే, కాదనను. కానీ వాడికోసం బాస్ నేర్చుకోవడమేమిటే? దూలియోకి కూడా ఓ ఉత్తరం రాశాను. ఏం రాశానో వాడే చెబుతాడు.

నీ అన్న


కాస్తెల్‌ఫిదార్దో, 20 మార్చి 1965

మహారాజశ్రీ అన్నయ్యగారికి,

నీ ఉత్తరాన్ని దూలియో సాధనలో అందరి ముందూ పైకి చదివాడు. "మా చెల్లి జోలికి వస్తే నీ డ్రమ్ముల్లో నిన్నే పెట్టి మూత వేస్తా" అన్న చోట ఆగి ఆగి నవ్వాడు. ఆ సన్నాసి రొట్టెల కొట్టు అమ్మాయి చుట్టూ తిరుగుతున్నాడు, ఈస్టర్‌కి ఉంగరం తొడుగుతాడు. స్కూటర్ మీద నన్ను దింపేది ఆ కొట్టు మన వీధి చివరుంది కనక. పైగా వాడు పొద్దస్తమానం పచ్చి వెల్లుల్లి నములుతాడు. నాకు ముక్కుందిరా.

అబ్బాయి కోసం తప్ప ఆడపిల్ల ఏ పనీ చెయ్యదని ఎవరు చెప్పారు నీకు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో గిటార్లకి తొడుగులు తొడుగుతున్నాను. మెరిసే సెల్యులాయిడ్ రేకుని ద్రావకంలో మెత్తబెట్టి, చెక్కకి చుట్టి, బుడగ లేకుండా వేళ్లతో నిమిరి ఆరబెడతాను. నా చేతులు కడిగినా ఆ వాసన పోదు. నేను తొడిగిన గిటార్లు ఎక్కడెక్కడికో పోతాయి, ఎవరెవరో వాయిస్తారు. కార్నివాల్ రోజు మొదటిసారి నేను వాయించాను, జనం గెంతారు. నేను ఆగితే వాళ్లు ఆగారు. నాకింక వేరే ఏదీ అక్కర్లేదనిపించింది. సెనిగాల్లియాకి నేనే వెళ్తాను అన్నయ్యా. వాళ్లూ నన్నే రమ్మంటున్నారు.

ఇక పని మాట. సీసం కూరితే మెడ దిగదు, భుజం దిగుతుంది. నేను ఒక పని చేశాను. పట్టీ తగిలించే మేకుని తాడుతో ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. మెడ వైపు బాగా ముందుకి జరిపితే గిటార్ చక్కగా అడ్డంగా నిలబడింది. అంటే ఒంటికి పైన మెడ పక్కన పొడుగాటి కొమ్ము ఒకటి రావాలి, దాని చివర మేకు ఉండాలి. తోక వైపు గట్టి చెక్క ఉండాలి. డొల్ల పనికిరాదు. నాన్న కూడా చూసి "అవును, ఇప్పుడు నిలబడింది" అన్నాడు. బాబాయి గొణుక్కుంటూనే దాచుకున్న అక్రోటు పలక తీశాడు. ఒక్కటే పలక. ఇంకోటి లేదు.

అందుకే అడుగుతున్నా, సరిగ్గా చదువు. ఆకారం వేసుకునే మనిషి ఒంటిని బట్టి ఉండాలన్నది నువ్వే. నువ్వు నాకంటే తలెత్తు పొడుగు. నీ మోచెయ్యి ఆనే చోట నాకు గడ్డం ఉంటుంది. నీ కొలతకి కోస్తే నా చెయ్యి మెడ చివరికి అందదు. నా కొలతకి కోస్తే నువ్వు పిల్లకుర్చీలో కూర్చున్నట్టు ఉంటావు. అరువు బాస్ ఈస్టర్‌కి వెళ్లిపోతుంది. నన్ను సముద్రం దగ్గరికి పంపడానికి నాన్న "ఎల్వియో సరేనంటే వెళ్లు, వాడి చోటది" అన్నాడు. పలక ఎవరి కొలతకి కొయ్యాలి? నీదా, నాదా? నువ్వు చెప్పినట్టే చేస్తాను.

లొరెట్టా


ఊదినె, 31 మార్చి 1965

లొరెట్టా,

నా కొలతకి కొయ్యి.

ఆ మెడ నేను తెచ్చింది, పికప్ నేను చుట్టింది, ఆ బృందాన్ని ఒత్తావియో, నేనూ కలిసి మొదలుపెట్టాం. ఇక్కడ రాయిలాంటి మంచం మీద పడుకుని రోజూ నేను తలుచుకునేది అదొక్కటే. దాన్ని కూడా ఇచ్చెయ్యమంటావా? వేసవికి ఇంకెవరినైనా చూసుకోమను.

ఎల్వియో


ఊదినె, 8 ఏప్రిల్ 1965

లొరెట్టా, బంగారం,

పోయిన ఉత్తరం చించి పారెయ్. ఇంకా పలక కొయ్యకపోతే చెయ్యి ఆపు.

ఆ ఉత్తరం టపాలో వేసిన మర్నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. నీ ఉత్తరం ఇంకోసారి చదువుకున్నాను. కార్మెలోకి కూడా చదివి వినిపించాను. "మీ చెల్లి ఆగితే జనం ఆగారట. నువ్వు వాయించినప్పుడు ఎప్పుడైనా అలా జరిగిందా?" అని అడిగాడు వాడు. నోర్ముయ్ అన్నాను. జరగలేదు. నేను బాగానే వాయిస్తాను. కానీ నాకిష్టమైంది ఆ గిటార్ వేసుకుని నిలబడటమేమో అనిపించింది. నీకు వాయించడమే ఇష్టం.

నీ కొలతకే కొయ్యి. నాన్నకి కూడా ఇందులో చీటీ పెట్టాను, వెళ్లనివ్వమని. కోపంలో రాసింది మనసులో పెట్టుకోకు.

నీ అన్నయ్య


కాస్తెల్‌ఫిదార్దో, 11 ఏప్రిల్ 1965

అన్నయ్యా,

31వ తేదీ నాడు నువ్వు రాసింది అందింది. నువ్వు చెప్పినట్టే చేస్తానని మాటిచ్చాను, చేశాను. నీ కొలతకే కోశాం. కొమ్ము పొడుగ్గా వచ్చింది, నీ ఛాతీకి సరిపోయేలా. తోక వెడల్పుగా ఉంది. మోచేతి దగ్గర పల్లం నీ బొగ్గు గీత ప్రకారం దింపాం. బాబాయి బరువు చూసి ముఖం తిప్పుకున్నాడు కానీ, మెడ దిగడం లేదు. తొడుగు నేనే వేశాను. ముత్యపు మెరుపున్న ఎర్ర రేకు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు నాకు. ఒక్క బుడగ లేదు.

అందరూ చూడటానికి వస్తున్నారు. అందంగా ఉందంటున్నారు.

ఒత్తావియో వాళ్లు అంకోనాలో ఎవరినో అడుగుతున్నారు వేసవికి. నేను సాధనకి వెళ్లడం మానేశాను. కోపం లేదు. నీది నీకే ఉంది.

లొరెట్టా


కాస్తెల్‌ఫిదార్దో, 19 ఏప్రిల్ 1965

ఒరేయ్ తింగరోడా,

నీ రెండో ఉత్తరం నిన్న ఈస్టర్ విందు మధ్యలో వచ్చింది! కాదు, శనివారమే వచ్చిందట, అమ్మ పండగ పనుల్లో పడి పిండి డబ్బా వెనక పెట్టి మర్చిపోయింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను. నాన్నకి చీటీ ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "మరింకేం, వెళ్లు" అన్నాడు.

ఎలా వెళ్లను? అరువు బాస్ వెళ్లిపోయింది. నీ బాస్ వేసుకుని చూశాను. బాబాయి ఓవర్‌కోటు వేసుకున్నట్టుంది. తోక నా తుంటిని గుద్దుతోంది, కుడిచెయ్యి ఒంటి మీదుగా తీగల దాకా రావడానికే సగం ప్రాణం పోతోంది. మెడ చివరి స్వరం కావాలంటే ఒక పక్కకి ఒరిగి అందుకోవాలి. రెండు పాటలకే నా నడుం విరిగింది.

తగ్గించి కొయ్యమని బాబాయి కాళ్లా వేళ్లా పడ్డాను. ససేమిరా అన్నాడు. నీకూ తెలుసుగా మన దగ్గర పద్ధతి. చెక్కగా ఉన్నంతసేపూ ఎన్నిసార్లయినా కొయ్యొచ్చు. ఒకసారి తొడుగు పడిందంటే అది వాయిద్యమైపోయినట్టే, ఇక రంపం తగలకూడదు. "తొడుగేసిన దానికి రంపం పెట్టిన చేత్తో నేను అన్నం తినలేను" అన్నాడు. నేను మాత్రం కొయ్యగలనా? నా చేతులతో నిమిరిన తొడుగది. రంపం తీసుకుని దాని ముందు నిలబడి, మళ్లీ మేకుకి తగిలించేసి వచ్చాను.

వదిలెయ్. మనమిద్దరం తప్పు రోజుల్లో మంచివాళ్లమయ్యాం. నెలాఖరున నీకు సెలవు దొరికితే రా, నీ బాస్ వాయించుకుందువుగాని.

లొరెట్టా


కాస్తెల్‌ఫిదార్దో, 3 మే 1965

ఎల్వియో,

నిన్ను అన్నయ్యా అని పిలవడానికి నోరు రావడం లేదు.

శని, ఆదివారాలు ఎంత బాగా గడిచాయి! అమ్మ నీకోసం పొరలు పొరలుగా మాంసం పెట్టి పెద్ద పళ్లెం విన్చిస్‌గ్రాస్సి కాల్చింది, మూడొంతులు నువ్వే మింగావు. బాస్ మెళ్లో వేసుకుని అద్దం ముందు తిరిగావు. నాకు కుళ్లు కలగలేదు, నిజంగా. నీకు చొక్కాలా కుదిరింది, సంతోషించాను. ఈ రోజు పనికెళ్తూ, సాయంత్రం రైలు దగ్గరికి వస్తానని చెప్పాను కదా? వచ్చేసరికి నువ్వు మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయావన్నారు. బాబాయి షెడ్డులోకి వెళ్లి చూశాను.

ఏం చేశావురా దాన్ని? రెండు పక్కలా ఎవరో కొరికినట్టుంది! పై వైపు ఒక గాటు, కింద వైపు అంతకంటే పెద్ద గాటు. నా ఎర్ర తొడుగు ముక్కలు నేల మీద. నీకు ఉండకపోతే ఎవరికీ ఉండకూడదనా? లేక నేను వాయిస్తానేమోనని భయమా? కోసి, ముఖం చూపించకుండా పారిపోయావు. బాబాయి షెడ్డు గుమ్మంలో కూర్చుని మాట్లాడటం లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఎందుకు చేశావో ఒక్క ముక్క రాయి. అంతకు మించి నాకేమీ వద్దు.

లొరెట్టా


ఊదినె, 7 మే 1965

ఒసే గాడిదా,

దాన్ని చూశావు, తిట్టావు, ఏడ్చావు. భుజానికి తగిలించుకున్నావా? అది చెప్పు ముందు. ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, వెళ్లి తగిలించుకుని రా. అప్పుడు మిగతాది చదువు.

వచ్చావా? ఇప్పుడు విను. ఆ రోజు పొద్దున్న నువ్వు ఫ్యాక్టరీకి వెళ్లాక, నీ పాత పని కోటు అమ్మనడిగి తీసుకుని షెడ్డుకి వెళ్లాను. కోటుని బాస్ మీద పరిచి, నీ చంక ఎక్కడ, మోచెయ్యి ఎక్కడ, తుంటి ఎక్కడ అని సుద్దతో గీసుకున్నాను. బయటంచు మొత్తం తగ్గించాలనుకున్నాను మొదట. అలా చేస్తే తోక బరువు పోయి మెడ మళ్లీ దిగుతుంది. అందుకని తోకని ముట్టుకోలేదు, కొమ్మునీ ముట్టుకోలేదు. మధ్యలోనే లోపలికి కోశాను. పై గాటులోంచి నీ చెయ్యి దిగాలి. కింది గాటులో నీ తుంటి కూర్చోవాలి. అప్పుడు గిటారంతా కుడివైపుకి జరిగి మెడ నీ దగ్గరకొస్తుంది. పికప్ గూడు దాకా పోకుండా చూసుకున్నాను. రేకు అంచులకి ద్రావకం పూశాను, లేచి రావు. గాటుల దగ్గర చెక్క అలాగే కనబడనివ్వు, బాగుంటుంది.

రంపం అడిగితే బాబాయి ఇవ్వలేదు. నేనే గోడ మీంచి తీసుకున్నాను. ఆయన బయటికి వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు. రంపం చప్పుడు ఆగాక లోపలికి తొంగి చూసి, "ఆకురాయి పెద్ద సొరుగులో ఉంది" అన్నాడు.

కొయ్యబోయే ముందు దాన్ని వేసుకుని కాసేపు వాయించాను. అబద్ధం చెప్పను, అంత సుఖంగా ఏ వాయిద్యమూ నా ఒంటి మీద కూర్చోలేదు. ఇంకొంచెంసేపు వాయించి ఉంటే కొయ్యలేకపోయేవాణ్ని. అందుకే తొందరగా మొదలుపెట్టాను. నీ ముఖం చూస్తే ఏడుస్తానని మధ్యాహ్నం రైలెక్కాను. ఇంత వయసొచ్చి స్టేషన్లో ఏడిస్తే ఏం బాగుంటుంది?

సెనిగాల్లియాకి వెళ్లు. ఒత్తావియోకి ఈపాటికే రాశాను.

ఎల్వియో


సెనిగాల్లియా, 21 జూన్ 1965

అన్నయ్యా, అన్నయ్యా, అన్నయ్యా,

ఇన్ని రోజులూ రాయనందుకు తిట్టు. పగలంతా పడి నిద్రపోతున్నాను, మిగతా టైమంతా వాయిస్తున్నాను. నీ ఉత్తరం సగంలో ఆపి వెళ్లి వేసుకున్నానని మేలోనే కార్డు ముక్క రాశాను కానీ, అది సరిపోదు. ఆ రోజు షెడ్డులో దాన్ని తగిలించుకోగానే నా చెయ్యి దానంతటదే తీగల మీదకి దిగింది. తుంటి గాటులోకి సర్దుకుంది. మెడ చివరి స్వరం కోసం ఒరగబోయాను, ఒరగాల్సిన పని లేకుండానే వేలు అక్కడుంది. బాబాయి నోట మొదటి మాట వచ్చింది: "బరువెక్కువే, అయినా నీదే." నేను నిన్ను ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ ఉత్తరం నువ్వు కాల్చెయ్, దయచేసి.

ఇక్కడ నాట్యశాల సముద్రం మీదికే ఉంటుంది, కింద అలలు కొడుతుంటాయి. మొదటి రోజు తీగల మీంచి చూపు ఎత్తలేదు. దూలియో "నా డ్రమ్ము వైపు చూడు, జనం వైపు చూడకు" అన్నాడు. అలాగే చూశాను. మూడో పాటకి జనం వైపు తిరిగాను. అందరూ నా చేతికి అడుగులేస్తున్నారు అన్నయ్యా! ముసలివాళ్లూ, జర్మనీ నుంచి వచ్చిన ఆడవాళ్లూ, ఐస్‌క్రీం అమ్మేవాడు కూడా.

ఆ ఆకారం గురించి అడగనివాడు లేడు. ఒకడు తిని పడేసిన పియర్ పండన్నాడు. ఇంకొకడు ఇటలీ పటం తిరగేశారా అన్నాడు. రిమిని బృందంలో బాస్ వాయించేవాడు వచ్చి, ఎత్తి చూసి, భుజానికి వేసుకుని, "నాకు కుదరదు, కానీ నాకూ నా ఒంటికి ఇలాంటిది కావాలి, ఎవరు గీశారు?" అనడిగాడు. సగం మా అన్న, సగం నేను అన్నాను. నాన్న నిన్న అమ్మని తీసుకుని వచ్చాడు. వెనక వరసలో కూర్చుని ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఆడిస్తూనే ఉన్నాడు.

ఒక్కమాట, మనసులో పెట్టుకోలేక రాస్తున్నా. ఇది నీ చోటు. సెప్టెంబరులో నువ్వు విడుదలై వస్తావు. ఆగస్టు చివరి పాట వాయించాక బాస్ నీ చేతిలో పెడతాను. వెనక్కి తగ్గను, నాకు ఈ వేసవి చాలు. నువ్వు వచ్చి తీసుకో.

నీ
లొరెట్టా


ఊదినె, 28 జూన్ 1965

లొరెట్టా,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివాను. ఐస్‌క్రీం అమ్మేవాడి దగ్గర కార్మెలో లేచి మంచాల మధ్య నాట్యం చేశాడు, గార్డు వచ్చి ఇద్దర్నీ తిట్టి వెళ్లాడు.

నీ చివరి మాటకి జవాబు. సెప్టెంబరులో నేను వస్తాను, మీ ఆంప్లిఫయర్ మోయడానికి మనిషి కావాలంటే ఉంటాను. బాస్ మాత్రం నా చేతిలో పెట్టకు. ఇప్పుడది నాకు పట్టదు. పై గాటు నా మోచేతికి అందదు, కిందది నా తుంటికి ఆనదు. పొరపాటున అలా కుదరలేదే. బుద్ధి మారి ఎప్పుడైనా వెనక్కి అడుగుతానేమోనని, నాకు పట్టకుండా చూసుకునే కోశాను.

నీ అన్నయ్య
ఎల్వియో